గాలి కిందికి, నీరు పైకి

దోనెలో అడుగు పెట్టేముందు చెప్పులు గట్టు మీదే వదిలెయ్యండి. అడుగున ఎలాగూ నాలుగు వేళ్ళ నీళ్ళుంటాయి. ఒక కాలు పెట్టగానే అది అటు ఒరిగి, ఇటు ఒరిగి, రెండో కాలు కూడా వచ్చాక సర్దుకుంటుంది. "పక్కకి వంగకండి బాబుగారూ, తిరగబడుద్ది" అంటాడు వెనక గెడ పట్టుకుని నిలబడ్డ మనిషి. సంక్రాంతి వెళ్ళిన వారం. కొల్లేటి మీద మంచు ఇంకా విడలేదు. ఆటపాక వైపు నుంచి గూడబాతుల రెక్కల చప్పుడు వినపడుతుంది గాని పక్షులు కనపడవు.

మీరు కూర్చున్నది ఒక చెట్టు కాండంలో. తాటిచెట్టు మొదలు భాగాన్ని తొలిచి చేసిన దోనె ఇది. ఇంజను పడవలు వచ్చాక లంకల్లో తాటిదోనెలు తగ్గాయి గాని పోలేదు. అంచు మీద బొటనవేలు పెట్టి నొక్కి చూడండి. నల్లటి ఈనెలు ఒకదాన్నొకటి ఒరుసుకుని బిగిసి ఉంటాయి, గోరు దిగదు. ఇదే మాను నడుమ మాత్రం మెత్తన. అందుకే తోడేస్తే తేలిగ్గా వచ్చేసింది. టేకుకు చేవ లోపల ఉంటుంది, తాటికి చేవ బయట ఉంటుంది. నీటినీ ఆహారాన్నీ మోసే నాళికాపుంజాలు టేకులో వలయంగా అమరి, ఏటేటా కొత్త పొర వేసుకుంటూ మానును లావు చేస్తాయి. తాటిలో అవి కాండమంతా చెదిరి, అంచుకు పోయేకొద్దీ చిక్కబడతాయి; ఒక్కోదానికీ గట్టి నార కవచం. ఏటేటా పొర వేసే ఏర్పాటు తాటికి లేదు. అందుకే తాటిమొక్క ఏళ్ళ తరబడి నేలబారున ఉండి, ముందు తన లావు తాను సంపాదించుకుని, ఆ తర్వాతే పైకి లేస్తుంది. గాలికి వంగే స్తంభంలో ఒత్తిడి ఎక్కువగా పడేది అంచు మీదే. తుపాన్ల తీరంలో తాళ్ళు నిలబడ్డాయంటే ఆ నల్లటి ఈనెల చలవే.

దోనె కదిలింది. గట్టు పక్క నీళ్ళు కనపడవు, అంతా గుర్రపుడెక్క. గెడతో పక్కకు తోస్తూ దారి చేసుకోవాలి. ఒక మొక్కను పట్టుకుని పైకి లాగండి. బరువు చూసి ఆశ్చర్యపోతారు. పైన జానెడు పచ్చన, కింద మూరెడు వేళ్ళు. నల్లగా, ఊదారంగు జీరతో, కుచ్చులు కుచ్చులుగా నీళ్ళోడుతుంటాయి. వాటికి మట్టి తగిలింది లేదు. చేపల చెరువుల్లోంచి, పొలాల్లోంచి, ఊళ్ళ మురుగులోంచి వచ్చి నీళ్ళలో కలిసిన నత్రజనినీ భాస్వరాన్నీ నేరుగా పీల్చుకుంటాయి. ఒక వేరు కొసను రెండు వేళ్ళ మధ్య పట్టి మెల్లగా లాగండి. సన్నటి తొడుగు ఊడి చేతికి వస్తుంది. మట్టిలో దూరే వేళ్ళకు కొసన ఉండే తొడుగు రాపిడికి అరుగుతూ మళ్ళీ పుడుతుంటుంది. ఇక్కడ రాపిడి లేదు కనుక మళ్ళీ పుట్టే అవసరమూ లేదు. మీరు ఊడదీసిందంటే పోయినట్టే.

మరి కాండం ఎక్కడ? ఉబ్బిన పచ్చటి బుడిపెలన్నీ ఆకు కాడలే. చీలిస్తే లోపల స్పాంజి, దాన్నిండా గాలి. అసలు కాండం ఆకులూ వేళ్ళూ కలిసే చోట ఉన్న బెత్తెడు ముక్క, అంతే. దాని పక్క నుంచి ఒక తీగ నీటి మీద పాకి, కొసన పిల్లమొక్క పెడుతుంది. ఆ పిల్ల మరో పిల్లను పెడుతుంది. అనువైన కాలంలో రెండు వారాలు తిరిగేసరికి ఉన్నదానికి రెట్టింపు. పూలు బాగున్నాయని దక్షిణ అమెరికా నుంచి తెచ్చుకున్న మొక్క ఇది. 1936 నాటికే దీన్ని వదిలించుకోవడానికి బెంగాల్లో ప్రత్యేకంగా చట్టం చెయ్యాల్సి వచ్చింది. చట్టం వచ్చి తొంభై ఏళ్ళు కావస్తోంది. తీగ పాకుతూనే ఉంది.

గుర్రపుడెక్క దాటాక నీళ్ళు కనపడతాయి, నీళ్ళ మీద తామరాకులు. కొన్ని నీటిని అంటుకుని పరుచుకున్నాయి, కొన్ని మూరెడు పైకి లేచి నిలబడ్డాయి. గెడ మనిషి ఇక్కడ ఆపుతాడు. గెడను బురదలో గుచ్చితే సగం మనిషి లోతు దిగింది. పైకి తీస్తే దాని చివర నల్లటి బురద, కుళ్ళిన గుడ్ల వాసన.

ఆ వాసనే అసలు సంగతి చెబుతోంది. బడిలో నల్లబల్ల మీద గీసిన మొక్క గుర్తుందా? కింద వేరు నీళ్ళు పీలుస్తుంది, కాండం పైకి మోస్తుంది, ఆకు ఆహారం తయారుచేస్తుంది, బాణం గుర్తులన్నీ పైకే. ఆ బొమ్మ గీసినవాడు కొల్లేరు చూసి ఉండడు. ఇక్కడ వేరుకు నీటి కరువు లేదు. కరువంతా గాలికి. వేరు ప్రాణమున్న కణజాలం. దానికి ఆక్సిజన్ కావాలి. గాలిలో కదిలినంత వేగంగా ఆక్సిజన్ నీళ్ళలో కదల్లేదు, సుమారు పదివేల రెట్లు నెమ్మది. ఉన్న కాస్తనూ బురద పైపొరలోని సూక్ష్మజీవులు వాడేసుకుంటాయి. ఆ కింద ఊపిరాడని లోకం. మామూలు మొక్కను తెచ్చి ఇక్కడ నాటితే నీళ్ళ మధ్యే వాడిపోతుంది.

తామర ఏం చేస్తుందో చూడండి. ఒక ఆకు కాడ వెంబడి చెయ్యి కిందికి పోనిచ్చి తెంపండి. చిన్న చిన్న ముళ్ళుంటాయి, జాగ్రత్త. తెగిన చోట పెద్ద రంధ్రాలు కొన్ని, చుట్టూ చిన్నవి. ఆకు పైవైపు, సరిగ్గా కాడ అతుక్కున్న చోట, లేత రంగు మచ్చ ఒకటి కనపడుతుంది. దోనె అంచు మీంచి ఆ మచ్చను నీళ్ళలో ముంచి, తెగిన కాడ కొస నోట పెట్టుకుని గట్టిగా ఊదండి. మచ్చ మీద బుడగలు లేస్తాయి. "చిన్నప్పుడు మేమూ ఊదేవోళ్ళమండి" అని నవ్వుతాడు గెడ మనిషి.

మనుషులు ఊదనప్పుడు ఆ పని ఎండ చేస్తుంది. కొత్తగా విచ్చుకున్న లేతాకు లోపలి ఖాళీలు నీటి ఆవిరితో నిండి ఉంటాయి. ఎండకు అవి ఇంకాస్త వెచ్చబడతాయి. ఆవిరి చోటు ఆక్రమించిన కొద్దీ లోపల ఆక్సిజన్, నత్రజని పలచబడతాయి. ఆ లోటు పూడ్చడానికి బయటి పొడిగాలి కంటికానని సందుల్లోంచి చొరబడుతుంది. సందులు ఎంత సన్నవంటే, లోపల ఒత్తిడి పెరిగినా గాలి వచ్చిన దారిన వెనక్కి పోలేదు. ఇక దానికి మిగిలిన దారి కాడ. కాడలోంచి కిందికి, బురదలో అడ్డంగా పడుకున్న దుంపలోకి, అక్కణ్ణించి ఇంకో కాడలోంచి పైకి, బయటికి. వచ్చేటప్పుడు ఆక్సిజన్ తెస్తుంది, పోయేటప్పుడు బురదలో పుట్టిన మీథేన్‌నూ బొగ్గుపులుసు వాయువునూ పట్టుకుపోతుంది. మీరు బుడగలు చూసిన మచ్చ మీది పెద్ద రంధ్రాలు తెరుచుకుంటూ, మూసుకుంటూ ఈ రాకపోకలను సర్దుతుంటాయి. అమెరికాలో జాన్ డేసీ అనే శాస్త్రవేత్త పసుపు పూల కలువజాతి మొక్కలో ఈ గాలిని కొలిచి 1980లో ప్రకటించాడు. అందులో గాలి లేతాకుల్లోంచి దిగి ముదురాకుల్లోంచి బయటికి పోతుంది. ఒక్క లేతాకు కాడలోంచి రోజుకు 22 లీటర్ల దాకా కిందికి దిగింది. కండరం లేదు, గాలిని తోసే కణం ఒక్కటీ లేదు. వృక్షశాస్త్రంలో నాకు ఇంతకన్నా నచ్చిన యంత్రం లేదు.

ఇప్పుడు ఆ కాడను మధ్యకు విరిచి రెండు ముక్కల్నీ మెల్లగా ఎడం చెయ్యండి. సాలెదారం కన్నా సన్నటి పోగులు సాగుతాయి, తెగవు. కాడలో నీటిని మోసే గొట్టాలు, అంటే దారునాళాలు, ముడుచుకుపోకుండా లోపలి గోడకు మరలు చుట్టి ఉంటాయి. గోడ చిరిగిపోయినా మర విప్పుకుంటూ సాగుతుంది. మీ రెండు చేతుల మధ్య మెరుస్తున్నవి అవే. నీళ్ళలో బతికే మొక్కకు నీటి గొట్టాలెందుకు అంటారేమో. ఆకు ఎండలో ఉంది కదా, దానికి దాహం. ఇంతసేపూ మీరు పట్టుకున్నది మాత్రం కాండం కాదు, ఆకు కాడ. తామర కాండం ఎప్పుడూ బయటికి రాదు. బురదలో అడ్డంగా పాకుతూ, కణుపు కణుపుకూ ఒక ఆకును పైకి, ఒక కుచ్చు వేళ్ళను కిందికి పంపుతుంది. దుంపను అడ్డంగా కోస్తే కనపడే గుండ్రటి కన్నాలు ఇందాక మనం చెప్పుకున్న గాలి దారులు. కూర వండుకునేవాళ్ళు వాటిని అందం కోసం చూస్తారు.

జమ్ముదీ ఇదే పద్ధతి. నీటి అంచున గోడ కట్టినట్టు నిలబడ్డ రెల్లుజాతి గడ్డి ఇంకో ఉపాయం కూడా పన్నింది: ఎండి విరిగిన పాత కాడలను పారెయ్యదు. విరిగిన మూతి మీదుగా గాలి వేగంగా వీచినప్పుడు లోపలి గాలిని పీల్చేస్తుంది, ఆ లోటు పూడ్చడానికి కొత్త గాలి దుంపలోకి వస్తుంది. చచ్చిన కాండం కూడా ఉద్యోగంలోనే ఉంటుంది. తూటికూరకు ఇంత హంగామా లేదు. బోలు కాండం నీటి మీద తేలుతూ పోతుంది, ప్రతి కణుపు దగ్గరా వేళ్ళు వేస్తుంది. ఎక్కడ తుంచినా రెండు మొక్కలవుతాయి.

వెనక్కి వచ్చేటప్పుడు విరిగిన మట్టిగట్లు తగులుతాయి. 1999లో ఐదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేశారు, 2002లో కొల్లేరు రామ్‌సార్ చిత్తడినేలల జాబితాలోకి ఎక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు పడగొట్టారు. ఆ గొడవలు మరో వ్యాసానికి. చెరువు తవ్విన చోట కలుపు ఉండనివ్వరు, గట్టు కూలిన చోట ముందు దిగేది ఈ జమ్ము, గుర్రపుడెక్కలే. తామర తీరిగ్గా వస్తుంది.

రోడ్డెక్కి ఏలూరు వైపు వస్తుంటే దాళ్వా వరి నాట్లు. ఒకచోట బండి ఆపి గట్టు దిగండి. తాటినీడ పట్టున ఉన్న మడిలో చుక్కలు ఇంకా ఆరలేదు. దగ్గరగా చూడండి: ప్రతి ఆకుకూ సరిగ్గా కొసన ఒకే ఒక్క చుక్క. మంచు అనుకుంటాం. మంచయితే ఆకంతా తడవాలి. ఇది వేరు పంపిన నీరు. రాత్రి ఆకుల్లోంచి నీరు ఆవిరి కాదు, వేరు మాత్రం లవణాలు లోపలికి తీసుకుంటూనే ఉంటుంది, వాటి వెంట నీరు దూరుతుంది, ఒత్తిడి పెరిగి కొసన ఉన్న రంధ్రంలోంచి చుక్కగా బయటపడుతుంది. నాటిన నారులో ఈ చుక్కలు కనపడ్డాయంటే కొత్త వేళ్ళు పని మొదలెట్టాయన్నమాట. నారు పీకినప్పుడు పాత వేళ్ళు సగం తెగిపోతాయి. మొదలు దగ్గరి కణుపుల నుంచి తెల్లటి వేళ్ళు దిగేదాకా మొక్క పసుపుబారి తల వేలాడేస్తుంది. ఆకు మళ్ళీ పచ్చబడితే మూన తిరిగింది అంటాడు రైతు. ఆ మాట ఆకును చూసి అన్నా, చెప్పేది వేరు సంగతి.

ఒక దుబ్బును బురదతో సహా లేపి కాలువలో కడగండి. కొత్త వేళ్ళు తెల్లగా, కాస్త ముదిరినవి ఎర్రగా, తుప్పు రంగులో ఉంటాయి. అది తుప్పే. వరి వేరు లోపల కణాలు కొన్ని చచ్చిపోయి నిలువునా గాలి గదులు ఏర్పడతాయి. ఆకుల నుంచి వాటి గుండా దిగిన ఆక్సిజన్‌లో కొంత వేరు కొస దగ్గర బయటికి కారుతుంది. బురదనీటిలో కరిగి ఉన్న ఇనుము ఆ ఆక్సిజన్ తగలగానే తుప్పయి వేరును అంటుకుంటుంది. లేకపోతే ఆ ఇనుమే లోపలికి పోయి మొక్కను చంపేది. కొసకు చేరకముందే గాలి దారిలో కారిపోకుండా పాత వేరు గోడలకు అడ్డుపొర కూడా ఉంటుంది. మన రైతులు పిలకల దశ చివర చేను ఆరగడతారు. పిల్ల పిలకలు ఆగిపోవడానికి అంటారు. నేల నెర్రె విచ్చితే వేరుకు పైనుంచి కూడా ఊపిరి అందుతుంది.

మొక్క మొత్తం మునిగితే సంగతి వేరు. అప్పుడు గాలి దించడానికి నీటి పైన ఆకే ఉండదు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు చివరికి కలిసేది కొల్లేట్లోనే. ఈ చుట్టుపక్కల సార్వా చేలకు మునక కొత్త కాదు. బెంగాల్ లోతునీటి వరి అలాంటప్పుడు కణుపుల మధ్య కాండాన్ని సాగదీసి, రోజుకు జానెడు చొప్పున నీటితో పందెం వేసి పైకి వస్తుంది. ఇక్కడి పంటది దానికి ఎదురు దారి. ఈ జిల్లాల్లోని మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ, అదే ఎంటీయూ 7029, దేశమంతా పాకిన రకం. దానికి ఒడిశా నాటురకం ఎఫ్‌ఆర్ 13ఏ లోని సబ్1 జన్యువును చేర్చి స్వర్ణ-సబ్1 తయారుచేశారు. 2009లో మన దేశంలో విడుదలైంది. అది మునిగిందంటే ఎదగడం మానేస్తుంది. కాండం సాగదు, ఉన్న పిండిపదార్థం ఖర్చు కాదు. రెండు వారాల దాకా నీటి కింద ఓపిక పట్టి, నీరు తీశాక లేస్తుంది.

ఏలూరులో ఎక్కువ సేపు ఉండం. జూట్ మిల్లు ఉన్న ఊరిది. గోనెసంచి చేతిలోకి తీసుకుంటే అది కాండపు బెరడే: ఆహారాన్ని మోసే పోషక కణజాలానికి దన్నుగా ఉండే నారను జనుము, గోగు కట్టెల్లోంచి నీళ్ళలో ఊరబెట్టి విడదీస్తారు. నీళ్ళలో ఊరేది అతికించే జిగురు, నార ఊరదు.

రైల్వేస్టేషన్ దగ్గర తేగలు. కట్ట కొనుక్కుని పాసింజరు ఎక్కండి. మట్టిలోంచి తవ్వి తీసినదాన్ని చూసి అందరూ వేరనే అనుకుంటారు. తాటి టెంక మొలకెత్తినప్పుడు బీజదళం ఒక గొట్టమై నేలలోకి దిగుతుంది, లోపల బుల్లి మొక్కను పదిలంగా మోసుకుంటూ. ఎండ తగలని లోతుకు చేరాక గాని అసలు మొక్క పైకి రాదు. మీరు పొట్టు తీసి తింటున్నది పిండి పట్టి ఉబ్బిన తొలి ఆకు తొడుగు. చీల్చితే నడుమ దొరికే చందమామ ఆ తర్వాత రావాల్సిన ఆకు. పిల్లలు కొట్టుకునేది దానికోసమే.

భీమడోలు, పూళ్ళ, కైకరం, చేబ్రోలు, ఉంగుటూరు. కుడివైపు పల్లం, ఎడమవైపు నేల మెల్లగా లేస్తుంది. రైలు ఆ అంచు మీదే పోతుంది. తాడేపల్లిగూడెంలో దిగేసరికి ఉల్లి ఘాటు ముందు వచ్చి పలకరిస్తుంది. కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి లారీలు వచ్చి ఆగే మార్కెట్టిది. గోతాం పక్కన రాలిన ఒక గడ్డను తీసుకుని నిలువునా కోయించండి. కోసే ఆవిడ "ఏం చూస్తన్నావు బాబూ, కుళ్ళిందా?" అంటుంది. కుళ్ళలేదు. అడుగున, గోరంత మందాన, తెల్లటి పలక ఒకటుంది. ఉల్లి కాండం ఆసాంతం అంతే. మిగతాదంతా ఆకుల అడుగుభాగాలు, పొర మీద పొర. పలక కింద ఎండిన గడ్డంలా వేళ్ళు, పలక పైన నడుమ రేపటి మొగ్గ. నిల్వ పాడవకుండా వ్యాపారి చూసేది కూడా ఆ పలకనే: అక్కడ తడి తగిలితే వేళ్ళు లేస్తాయి, గడ్డ మెత్తబడుతుంది.

పక్క అంగళ్ళలో బంగాళాదుంప, చేమ, కంద, అల్లం, చిలగడదుంప. వీటిలో కాండాలేవో వేళ్ళేవో చెప్పమంటే చదువుకున్నవాళ్ళు తడబడతారు, కంద వేసే రైతు తడబడడు. విత్తనానికి కంద కోసేటప్పుడు ప్రతి ముక్కకూ నడిమి మొలక భాగం కొంత వచ్చేటట్టు కోస్తాడు, ఎందుకంటే అది కాండం, మొగ్గ ఉన్నచోటి నుంచే లేస్తుంది. బంగాళాదుంప కళ్ళు, అల్లం కణుపులు అలాంటివే. చిలగడదుంపకు కణుపులూ కళ్ళూ లేవు, అది పిండి పట్టిన వేరు. అందుకే రైతు దుంపను కాక తీగ ముక్కను నాటుతాడు. ఇక అరటి గెల పక్కన చుట్టలుగా కోసి పెట్టిన తెల్లటి దూట చూడండి. తోటలో మనకు కాండంగా కనపడే బోదె ఉత్త ఆకు తొడుగుల చుట్ట. నిజం కాండం నేలలోని దుంపే; పువ్వు వేసే వేళకు మాత్రం అది బోదె నడుమ నుంచి దూసుకుని గెలను మోస్తూ పైకి వస్తుంది. అదే దూట. ఆవ పెట్టి వండితే గోదావరి జిల్లాల్లో కాదనేవాళ్ళుండరు.

ఆటో ఎక్కి వెంకట్రామన్నగూడెం వైపు సాగండి. కొద్ది దూరంలోనే మట్టి రంగు మారుతుంది. నల్లది పోయి ఎర్రది. కాలువలు ఆగిపోయి బోర్లు మొదలవుతాయి. ఇది మెట్ట. మామిడి, జీడిమామిడి, పామాయిల్ తోటలు. ఏలూరుకు ఎగువన పెదవేగిలో పామాయిల్ మీద జాతీయ పరిశోధన సంస్థే ఉంది. డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఈ దారిలోనే. ఇక్కడ వేరుకు ఊపిరికి లోటు లేదు. ఎర్రనేల గుల్లగా ఉంటుంది. ఆ నల్లబల్ల బొమ్మ ఇక్కడికి వచ్చాకే నిజమవుతుంది.

రోడ్డు పక్క కోసిన మట్టికట్టలో మామిడి వేళ్ళు బయటపడ్డాయి. తొడంత లావువి చూసి నీళ్ళు తాగేవి ఇవే అనుకోకండి. ఇవి నిలబెట్టేవి, మోసేవి. తాగేవి వీటి చిట్టచివర ఉన్న దారపు పోగులు, వాటి మీది మూలకేశాలు. ఒక్కో కేశం ఒకే కణం, కొన్నాళ్ళు బతికి రాలిపోతుంది. హోవార్డ్ డిట్మర్ అనే ఆయన 1937లో నాలుగు నెలల రై మొక్క ఒకదాని వేళ్ళన్నీ కడిగి లెక్కగట్టాడు: వేళ్ళ పొడవు 600 కిలోమీటర్లు దాటింది, కేశాలది 10,000 దాటింది. ఆ కేశాల్లోంచి వచ్చిన నీరు కణాల సందుల్లోంచి ఎలా పడితే అలా లోపలికి పోలేదు. వేరు నడుమకు ముందు అంతశ్చర్మం అనే ఒక వరస కణాలుంటాయి; వాటి పక్కగోడలకు నీరు ఇంకని పట్టీ. 1865లో దాన్ని వర్ణించిన జర్మన్ శాస్త్రవేత్త కాస్పరీ పేరే దానికి పెట్టారు. అక్కడికి వచ్చిన ప్రతిదీ కణం లోపలి నుంచి పోవాల్సిందే. ఏది పోవాలో ఏది ఆగాలో కణం తేలుస్తుంది.

ఆ తర్వాత పైకి. గట్టున ఒక తాడి మీద గీత మనిషి మోకుతో ఎక్కుతున్నాడు. తల వెనక్కి వాల్చి చూడండి, ఇరవై మీటర్లయినా ఉంటుంది. కొబ్బరిబొండంలో గొట్టం పెట్టి పీలిస్తే నీరు వచ్చేది నోటి బలం వల్ల కాదు, బయటి గాలి ఒత్తిడి తోసినందువల్ల. ఎంత గట్టిగా పీల్చినా ఆ లెక్కన పది మీటర్లు దాటదు. మరి ఇరవై ఎలా ఎక్కింది? డబ్లిన్‌లో డిక్సన్, జాలీ అనే ఇద్దరు 1894లో దీనికి జవాబు చెప్పారు. ఆకు రంధ్రాల దగ్గర నీరు ఆవిరవుతున్న కొద్దీ వెనకున్న నీరు ముందుకు జరుగుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి వదలవు. ఆకు నుంచి వేరు దాకా సన్నటి గొట్టాల్లో తెగని నీటిపోగు ఉంటుంది, పై నుంచి లాగితే మొత్తం కదులుతుంది. ఇంత ఎత్తుకు తోసేది ఏదీ లేదు, అంతా లాగుడే. పోగులో గాలిబుడగ పడితే ఆ గొట్టం పనికిరాకుండా పోతుంది. కొల్లేట్లో గాలి కోసం అంత అవస్థ పడిన మొక్కలకు, ఇక్కడ అదే గాలి నీటిగొట్టంలో దూరితే ముప్పు. తాగిన నీటిలో నూటికి తొంభై ఏడు వంతులకు పైగా ఇలా ఆవిరై పోయేదే.

గీత మనిషి దించుకొచ్చే కుండలోది ఈ నీరు కాదు. ఆకుల్లో తయారైన చక్కెర పోషక కణజాలంలో ప్రయాణిస్తుంటే గెల కొసను గీసి దారి మళ్ళించాడు. మామిడికి చుట్టూ బెరడు వలిస్తే ఆ దారి తెగి వేళ్ళు పస్తులుండి చెట్టు చస్తుంది. తాడికి అలా తెగదు, దాని దారులు మాను లోపలంతా చెదిరి ఉన్నాయి. కాకపోతే కొత్తవి వేసుకోలేదు కాబట్టి, చిన్నప్పుడు పుట్టిన ఆ జీవకణాలే చెట్టు బతికినన్నాళ్ళూ చక్కెర మొయ్యాలి. తలన ఉన్న మొవ్వు కూడా ఒక్కటే. కొమ్ము పురుగు దాన్ని తింటే ఇంకో కొమ్మ వేసి బతకడం చేతకాదు.

విశ్వవిద్యాలయం దాటాక రోడ్డు పక్క నర్సరీలో దిగండి. నల్ల సంచుల్లో మామిడి అంట్లు వరసలుగా. ఒకదాన్ని తీసి కాండం మొదట్లో చూస్తే వి ఆకారపు మచ్చ. టెంక మొక్క తల తీసేసి, చీలిక పెట్టి, చిన్నరసం పుల్లను ఉలి మొనలా చెక్కి దూర్చి కట్టారు, పోయిన వానాకాలంలో. బెరడు కింద జిగురుగా పచ్చగా ఉండే పొర ఒకటుంది, మానుకు ఏటేటా కొత్త పొర వేసేది అదే. రెండింటివీ ఒకదానికొకటి తగిలితేనే అతుకుతుంది. తాటికీ వరికీ ఆ పొర లేదు, అందుకే వాటికి అంటు కట్టలేమని శతాబ్దాలుగా అనుకున్నారు. కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు మొలక దశలోని లేత కణజాలంతో గోధుమజాతి మొక్కల్లో అదీ సాధించి 2022లో ప్రకటించారు.

మీకన్నా ముందు ఒక పెద్దాయన బేరమాడుతున్నాడు. "ఏ ఊరండి తమది?" అడిగాడు నర్సరీ మనిషి. భీమవరం పక్కనన్నాడు.

"అయితే గొయ్యి తియ్యకండి. మోకాలెత్తు దిబ్బ పోసి దాని మీద పెట్టండి. మీ నేలలో వానాకాలం నీళ్ళు నిలబడితే వేరు కుళ్ళిపోద్ది."

"మరి మా బావమరిదికి జంగారెడ్డిగూడెంలో గొయ్యి తీయించారుగా?"

"ఆళ్ళది మెట్టండి. ఆళ్ళకి లోతుగా పెడితేనే తడి అందుద్ది. అంటు మచ్చ మాత్రం ఎక్కడైనా మట్టికి పైనే ఉండాలి. దాని కిందనించి చిగురొస్తే గిల్లెయ్యండి, అది టెంకది."

పెద్దాయన రెండు సంచులు ఆటోలో సర్దుకుని, మళ్ళీ వెనక్కి వచ్చి, కట్టు ఎప్పుడు విప్పాలని అడిగాడు.

"విప్పేశామండి ఎప్పుడో. అతుక్కుపోయింది."